బైపోలార్ డిజార్డర్ వంశపారంపర్యమా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఇంట్లో ఒకరికి బైపోలార్ (హద్దు మీరిన హుషారు, లోతైన కుంగుబాటు విడతలు విడతలుగా వచ్చే మానసిక జబ్బు) అని తేలిన రోజున ఇంటిల్లిపాదీ అడిగేవి రెండే: ఇది ఎవరి వైపు నుంచి వచ్చింది, పిల్లలకూ వస్తుందా. వాటికీ, వాటి వెనకే వచ్చే మిగతా సందేహాలకూ ఇక్కడ జవాబులు ఇచ్చాం. మందుల గురించి రాసినదంతా మీ సైకియాట్రిస్టుతో మాట్లాడేటప్పుడు పనికొచ్చేందుకే. ఇది చదివి ఎవరూ మందు మానొద్దు, డోసు మార్చొద్దు.

బైపోలార్ తల్లిదండ్రుల నుంచి వస్తుందా?

జబ్బుకు లోనయ్యే గుణం వస్తుంది. జబ్బు వచ్చి తీరాలని లేదు. దీన్ని తేల్చి చెప్పినవి కవలల అధ్యయనాలు. ఒకే అండం నుంచి పుట్టిన కవలలకు జన్యువులు దాదాపు పూర్తిగా ఒకటే. రెండు అండాల నుంచి పుట్టిన కవలలు మామూలు అన్నదమ్ముల్లాగే సగం పంచుకుంటారు. 2003లో వచ్చిన బ్రిటిష్ అధ్యయనంలో, ఒకే అండం కవలల్లో ఒకరికి బైపోలార్ ఉంటే రెండోవారికీ ఉండటం 40 శాతం జంటల్లో కనిపించింది. రెండు అండాల కవలల్లో అది 5 శాతమే. ఈ తేడా జన్యువుల బలాన్ని చూపిస్తుంది. అదే లెక్కను తిప్పి చదవండి: జన్యువులన్నీ ఒకటే అయినా 60 శాతం జంటల్లో రెండోవారికి జబ్బు రాలేదు.

"85 శాతం వంశపారంపర్యం" అని చదివాను. అంటే మా బాబుకు వచ్చే అవకాశం 85 శాతమా?

కాదు. ఎక్కువమంది పొరబడేది ఇక్కడే. ఆ 85 ఒక మనిషికి సంబంధించిన అంకె కాదు. ఒక జనాభాలో కొందరికి జబ్బు వచ్చి, కొందరికి రాకపోవడంలో ఉన్న తేడాలో ఎంత భాగాన్ని జన్యువుల తేడాతో వివరించవచ్చో చెప్పే లెక్క అది. ఎత్తు సంగతి చూడండి. ఎత్తు కూడా సుమారు 80 శాతం వంశపారంపర్యమే అంటారు. అంతమాత్రాన ఆరడుగుల తండ్రికి పుట్టిన కొడుకు ఆరడుగులు ఉండే అవకాశం 80 శాతం అని ఎవరూ అనరు.

పైగా ఆ అంకె కూడా ఎవరు ఎలా లెక్క కట్టారన్న దాన్ని బట్టి మారుతుంది. కవలల అధ్యయనాల్లో 85 దాకా వెళ్లింది. స్వీడన్‌లో ఇరవై లక్షలకు పైగా కుటుంబాల రికార్డులతో 2009లో వేసిన లెక్కలో 59 వచ్చింది. మీ బాబు గురించి తెలుసుకోవడానికి ఈ రెండూ పనికిరావు. దానికి కింది ప్రశ్న చూడండి.

తల్లికో తండ్రికో ఉంటే పిల్లలకు నిజంగా ఎంత ముప్పు?

మన దేశంలో 2015-16లో బెంగళూరులోని మానసిక ఆరోగ్య సంస్థ నిమ్హాన్స్ నడిపిన జాతీయ మానసిక ఆరోగ్య సర్వే ప్రకారం, జీవితంలో ఎప్పుడో ఒకప్పుడు బైపోలార్‌కు గురయ్యేవారు పెద్దవాళ్లలో 0.5 శాతం. అంటే 200 మందిలో ఒకరు. కుటుంబంలో ఉంటే ఎంత పెరుగుతుందన్నదానికి డెన్మార్క్ జాతీయ రికార్డులతో 2010లో వచ్చిన లెక్క స్పష్టంగా ఉంటుంది:

తల్లిదండ్రుల్లో ఎవరికీ లేకపోతే 0.48 శాతం
ఒకరికి ఉంటే 4.4 శాతం
ఇద్దరికీ ఉంటే 24.9 శాతం

ఆ అధ్యయనంలో ఆసుపత్రిలో చేరేంత తీవ్రంగా జబ్బు చేసిన తల్లిదండ్రులనే లెక్కలోకి తీసుకున్నారు. క్లినిక్‌లలో మామూలుగా చెప్పే అంకె, తల్లి, తండ్రి, తోబుట్టువుల్లో ఒకరికి ఉంటే 5 నుంచి 10 శాతం. "పది రెట్లు పెరుగుతుంది" అని వింటే గుండె జారుతుంది. "నూరుమందిలో తొంభైమందికి పైగా రాదు" అని వింటే కుదుటపడుతుంది. రెండూ ఒకే లెక్క. డాక్టరు రెట్లలో చెబితే, "నూటికి ఎంతమంది?" అని తప్పకుండా అడగండి.

మేనమామ, పిన్ని, తాతయ్య వంటి వారికి మాత్రమే ఉంటే ముప్పు ఇంకా తక్కువ. ఒక మాట మాత్రం గుర్తుంచుకోవాలి: బైపోలార్ ఉన్నవారి పిల్లల్లో, తోబుట్టువుల్లో బైపోలార్ కంటే మామూలు డిప్రెషనే ఎక్కువగా కనిపిస్తుంది.

ఇది తల్లి వైపు నుంచి వస్తుందా, తండ్రి వైపు నుంచా?

ఎటు నుంచైనా రావచ్చు, చాలాసార్లు రెండు వైపుల నుంచీ కొంత కొంత వస్తుంది. కోడలి పుట్టింటి మీదకు నెట్టేయడం మన ఇళ్లలో మామూలే. దానికి శాస్త్రంలో ఆధారం లేదు. ఎక్స్ క్రోమోజోమ్ ద్వారా, అంటే కొడుకులకు తల్లి నుంచే వస్తుందన్న వాదన ఒకప్పుడు గట్టిగానే నడిచింది. 1987లో ఇజ్రాయెల్ కుటుంబాల మీద వచ్చిన పరిశోధన దాన్ని బలపరిచింది. 1993లో అదే కుటుంబాలను మళ్లీ పరిశీలిస్తే ఆ బలం కరిగిపోయింది. తండ్రి నుంచి కొడుక్కి వచ్చిన కుటుంబాలు చాలా ఉన్నాయి. కొడుక్కి తండ్రి ఇచ్చేది వై క్రోమోజోమే కనుక, ఎక్స్ వాదన ఆ కుటుంబాలకు కుదరనే కుదరదు.

తండ్రి వయసుకు చిన్న సంబంధం ఉంది. 2008 స్వీడిష్ అధ్యయనంలో 55 దాటిన తండ్రుల పిల్లల్లో ముప్పు సుమారు 1.4 రెట్లు కనిపించింది. మొత్తం ముప్పే తక్కువ కాబట్టి ఇది పెద్ద పెరుగుదలేమీ కాదు.

"బైపోలార్ జీన్" అనేది ఉందా?

లేదు. ఉందని ప్రకటించి వెనక్కి తగ్గిన చరిత్ర మాత్రం ఉంది. 1987లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో ఆమిష్ అనే చిన్న మత సమాజంపై పరిశోధన చేసి, 11వ క్రోమోజోమ్‌లో జన్యువు జాడ దొరికిందన్నారు. 1989కల్లా అదే వంశంలో మరికొందరిని పరీక్షించి, అప్పటిదాకా ఆరోగ్యంగా ఉండి తర్వాత జబ్బు పడ్డవారినీ కలిపేసరికి ఆ జాడ చెరిగిపోయింది. ఆ తర్వాత సెరొటోనిన్, డోపమైన్ అనే మెదడు రసాయనాల జన్యువుల పేరుతో వచ్చిన చిన్న చిన్న అధ్యయనాల్లోనూ చాలావరకు నిలబడలేదు. ఇప్పటికీ యూట్యూబ్ వీడియోల్లో వాటినే చూపిస్తుంటారు.

వేలమంది, ఆపై లక్షలమంది డీఎన్‌ఏను ఒకేసారి పోల్చడం మొదలుపెట్టాక బొమ్మ మారింది. 2019లో డీఎన్‌ఏలో 30 చోట్ల, 2021లో 64 చోట్ల, 2025లో 298 చోట్ల బైపోలార్‌తో ముడిపడ్డ మార్పులు తేలాయి. ఈ చివరి అధ్యయనంలో లక్షా యాభై ఎనిమిది వేల మంది రోగులున్నారు. ఒక్కో మార్పు ముప్పును పెంచేది అతి స్వల్పం. అలాంటి మార్పులు కొన్ని మనందరిలోనూ ఉంటాయి. కొందరిలో ఎక్కువగా పోగుపడతాయి, అంతే.

తరచుగా వినిపించే పేర్లు సీఏసీఎన్‌ఏ1సీ, ఏఎన్‌కే3. మొదటిది మెదడు కణాల్లోకి కాల్షియం వెళ్లే ద్వారాన్ని తయారుచేసే జన్యువు. రెండోది నరాల కణం సంకేతం పుట్టించే చోట సోడియం ద్వారాలను కూడగట్టి ఉంచుతుంది. వీటికి భిన్నంగా, 2022లో బయటపడ్డ ఏకేఏపీ11లోని మార్పులు చాలా అరుదు, కానీ ఉన్నవారిలో ముప్పును గట్టిగానే పెంచుతాయి. ఈ జన్యువు తయారుచేసే ప్రొటీన్, జీఎస్‌కే3బీ అనే ఎంజైముతో కలిసి పనిచేస్తుంది. బైపోలార్‌కు వాడే లిథియం పనిచేసేది ఆ ఎంజైము మీదేనని చాలాకాలంగా అనుకుంటున్నారు. డెబ్భై ఏళ్లుగా వాడుతున్న మందుకూ, కొత్తగా దొరికిన జన్యువుకూ ఇలా లంకె కుదరడం పరిశోధకులను ఉత్సాహపరిచింది. చికిత్సలో మాత్రం దీనివల్ల ఇంకా ఏమీ మారలేదు.

మా పెదనాన్నకు స్కిజోఫ్రినియా. చెల్లికి బైపోలార్ అంటున్నారు. రెంటికీ సంబంధం ఉందా?

ఉంది. మేనియా (హద్దు మీరిన హుషారు దశ) పూర్తి స్థాయిలో వచ్చే బైపోలార్-1 జన్యుపరంగా, భ్రమలు కలిగే, లేని మాటలు వినిపించే స్కిజోఫ్రినియాకు దగ్గర. హైపోమేనియా (తేలికపాటి మేనియా), డిప్రెషన్ రెండూ వచ్చే బైపోలార్-2 డిప్రెషన్‌కు దగ్గర. అందుకే ఒకే వంశంలో ఒకరికి ఒక పేరు, ఇంకొకరికి ఇంకో పేరు పడటం వింత కాదు. ఇంకో అవకాశమూ ఉంది. నలభై ఏళ్ల కిందట, మేనియాలో భ్రమలు కనిపిస్తే చాలు స్కిజోఫ్రినియా అని రాసేసిన డాక్టర్లు తక్కువేం కాదు. పెదనాన్నగారు మధ్యలో ఏళ్ల తరబడి పూర్తిగా బాగుండి, ఉద్యోగమో వ్యవసాయమో సవ్యంగా చేసుకున్నారా? అయితే ఆ పాత పేరును అనుమానించాలి, చెల్లి డాక్టరుకు ఆ సంగతి చెప్పాలి.

మా వంశంలో ఎవరికీ లేదు. మా అబ్బాయికే ఎలా వచ్చింది?

బైపోలార్ ఉన్న చాలామందికి ఆ జబ్బున్న తల్లి, తండ్రి, తోబుట్టువు ఎవరూ ఉండరు. అమ్మలో కొన్ని, నాన్నలో కొన్ని మార్పులు ఉండి, విడివిడిగా ఎవరినీ ఇబ్బంది పెట్టకుండా, ఒక బిడ్డలో కలిసి వచ్చి ఉండవచ్చు. దానికి నిద్రలేమి, గంజాయి, చిన్ననాటి హింస వంటివి తోడై ఉండవచ్చు. ఇవేవీ లేకుండా కూడా రావచ్చు.

అయితే "ఎవరికీ లేదు" అన్న మాటను డాక్టర్లు వెంటనే నమ్మరు. కారణం కింది జవాబులో ఉంది.

కుటుంబ చరిత్ర ఎలా రాయాలి?

ఈ పేజీలో ఒక్క పనే చేయాలనుకుంటే ఇది చేయండి. ఇప్పుడు దొరుకుతున్న ఏ డీఎన్‌ఏ కిట్ కంటే ఇది డాక్టరుకు ఎక్కువ చెబుతుంది. కావలసింది ఒక తెల్లకాగితం, ఒక పెన్సిలు, ఇంట్లో పెద్దవాళ్లతో ఒక మధ్యాహ్నం.

మూడు తరాలు గీయండి. మగవారికి చతురస్రం, ఆడవారికి వృత్తం, చనిపోయినవారి మీదుగా ఒక అడ్డగీత. పేర్ల కంటే వరస ముఖ్యం: అమ్మ తమ్ముడు, నాన్న పెద్దక్క అని. మేనరికం చేసుకున్న దంపతుల మధ్య రెండు గీతలు గీయాలి. ఒకే మనిషి ఒకరికి మేనమామ, ఇంకొకరికి మామగారు అయినప్పుడు రెండుసార్లు గీసేస్తుంటారు. అలా చేస్తే ఒక రోగి ఇద్దరుగా లెక్కకొస్తారు. దత్తత వెళ్లినవారిని, వచ్చినవారిని పక్కన గుర్తు పెట్టండి.

ఒక్కొక్కరి పక్కనా రాయాల్సినవి: ఇప్పటి వయసు లేదా చనిపోయిన వయసు, కారణం, మొదటిసారి మార్పు కనిపించిన వయసు, అది ఎన్నాళ్లుండేది, మధ్యలో పూర్తిగా బాగయ్యేవారా, ఆసుపత్రిలో చేరారా, కరెంటు చికిత్స ఇచ్చారా, ఏ మందు పనిచేసింది, ఏది పడలేదు, తాగుడు, ఆత్మహత్య లేదా ప్రయత్నం, థైరాయిడ్, ఆడవారిలో కాన్పు తర్వాత మొదటి వారాల్లో మతి చెదరడం.

"ఎవరికైనా మానసిక జబ్బుందా?" అని అడిగితే "అబ్బే, లేదు" అనే వస్తుంది. అలా అడక్కండి. ఎవరైనా రోజుల తరబడి నిద్రపోకుండా హుషారుగా తిరిగేవారా? ఉన్నట్టుండి పొలం అమ్మేసి డబ్బు పంచేసినవారున్నారా? తనకు దేవుడు పూనాడని, పెద్ద పదవి రాబోతోందని చెప్పుకున్నవారు? నెలల తరబడి మంచం దిగనివారు? ఇల్లు వదిలి వెళ్లిపోయినవారు? "గాలి సోకింది", "చేతబడి చేశారు", "నరాల బలహీనత" అని చెప్పుకున్న సంగతుల వెనక ఏం జరిగిందో వివరంగా అడగండి. "ప్రమాదవశాత్తూ బావిలో పడింది", "పొరపాటున పురుగుల మందు తాగాడు" అన్న చోట కాస్త ఆగి, నెమ్మదిగా, వీలైతే ఒంటరిగా ఉన్నప్పుడు అడగాలి.

విన్నది విన్నట్టు రాయండి. "తాతయ్యకు బైపోలార్" అని మీరే తీర్పు ఇచ్చేయొద్దు. "ముప్పై ఏళ్ల వయసులో రెండు నెలలు నిద్రలేదు, భూమి అమ్మాడు, తర్వాత మామూలయ్యాడు" అన్న వాక్యమే డాక్టరుకు ఎక్కువ విలువైనది. రెండు వైపులా అడగండి. చాలా కాగితాల్లో, రాసిన వ్యక్తి పుట్టిల్లో అత్తిల్లో ఏదో ఒకటే నిండుగా ఉండి రెండోది ఖాళీగా ఉంటుంది.

ఈ కాగితం వల్ల చికిత్సలో ఏం మారుతుంది?

డిప్రెషన్‌తో వచ్చిన ఇరవై ఏళ్ల కుర్రాడికి తల్లి వైపు మేనియా చరిత్ర ఉందని తెలిస్తే, డాక్టరు డిప్రెషన్ మందు ఒక్కటే ఇచ్చి పంపడానికి వెనకాడతారు. మూడ్ స్టెబిలైజర్ (మూడ్‌ను నిలకడగా ఉంచే మందు) తోడు లేకుండా ఆ మందు కొందరిని మేనియాలోకి నెడుతుంది. బైపోలార్ చాలాసార్లు డిప్రెషన్‌తోనే మొదలవుతుంది కనుక, ఆ దశలో చేతిలో ఉండే ముఖ్యమైన ఆధారాల్లో కుటుంబ చరిత్ర ఒకటి. ఆ మందు మొదలుపెట్టాక నిద్ర తగ్గినా అలసట లేకపోవడం, మాట వేగం పెరగడం, చిరాకు కనిపిస్తే అపాయింట్‌మెంటు తేదీ దాకా ఆగకుండా ఫోన్ చేయాలి.

రెండోది, లిథియం ఎవరికి బాగా పనిచేస్తుందన్నది కూడా కుటుంబాల్లో నడుస్తుంది. తండ్రి లిథియం మీద పదేళ్లు నిలకడగా ఉంటే, కూతురికి మందు ఎంచేటప్పుడు ఆ మాట పనికొస్తుంది.

మేనరికాల వల్ల బైపోలార్ ఎక్కువవుతుందా?

2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో సుమారు నాలుగు పెళ్లిళ్లలో ఒకటి రక్తసంబంధంలోనే జరిగింది. కాబట్టి తెలుగువారికి ఇది ఊరకే వచ్చే ప్రశ్న కాదు. బావామరదళ్లు తమ డీఎన్‌ఏలో సగటున 12.5 శాతం, మేనమామ మేనకోడలు 25 శాతం పంచుకుంటారు. ఒకే చెడు జన్యువు రెండు ప్రతులూ కలిసినప్పుడు వచ్చే జబ్బులకు మేనరికం పెద్ద కారణం. బైపోలార్ ఆ రకం జబ్బు కాదు కనుక ప్రభావం అంత సూటిగా ఉండదు. కానీ వంశంలో ఇద్దరు ముగ్గురికి బైపోలార్ ఉండి, అదే వంశంలో ఇచ్చిపుచ్చుకుంటే, ముప్పు పెంచే మార్పులు బిడ్డకు రెండు వైపుల నుంచీ చేరే అవకాశం పెరుగుతుంది. అలాంటి ఇంట్లో బయటి సంబంధం చూడటమే మంచిదని మా అభిప్రాయం.

మేనరికపు పిల్లల విషయంలో ఒక హెచ్చరిక. పదిహేను, ఇరవై ఏళ్ల వయసులో మేనియాలాంటి ప్రవర్తనతో పాటు చేతులు వణకడం, మాట ముద్దగా రావడం, ఇదివరకు కామెర్లు వచ్చి ఉండటం గమనిస్తే విల్సన్ వ్యాధేమో చూడాలి. ఒంట్లో రాగి పేరుకుపోయే ఈ జబ్బు అచ్చంగా రెండు ప్రతులూ చెడితే వచ్చేదే. రక్తంలో సెరులోప్లాస్మిన్ (రాగిని మోసే ప్రొటీన్), మూత్రంలో రాగి, కళ్ల డాక్టరు దగ్గర స్లిట్ ల్యాంప్ పరీక్షలతో మొదలుపెడతారు. దీనికి వేరే మందులున్నాయి. తోబుట్టువులకు వచ్చే అవకాశం 25 శాతం కాబట్టి వాళ్లనూ పరీక్షించాలి.

డీఎన్‌ఏ పరీక్షతో బైపోలార్ వస్తుందో రాదో తెలుస్తుందా?

తెలియదు. జబ్బును నిర్ధారించేది లక్షణాలు, అవి ఉన్న రోజులు, కుటుంబ చరిత్ర. మేనియా అనాలంటే కనీసం ఏడు రోజులు, లేదా ఆసుపత్రిలో చేర్చాల్సినంత తీవ్రత ఉండాలి. హైపోమేనియాకు నాలుగు రోజులు.

కంపెనీలు అమ్మే "పాలీజెనిక్ స్కోరు" అంటే ఆ చిన్న మార్పులన్నిటినీ కూడి ఇచ్చే మార్కు. 2021 అధ్యయనం ప్రకారం ఆ మార్కు జబ్బు ముప్పులోని తేడాల్లో 5 శాతం కూడా వివరించలేకపోయింది. రోగినీ ఆరోగ్యవంతుణ్నీ పక్కపక్కన నిలబెట్టి ఈ మార్కుతో పోల్చితే, నూటికి 65 సార్లు రోగి మార్కే ఎక్కువ ఉంటుంది. బొమ్మా బొరుసూ వేసినా 50 సార్లు సరిపోతుంది. అది కూడా ఐరోపా మూలాలున్న వారిలో. ఈ అధ్యయనాల డేటాలో భారతీయుల వాటా చాలా తక్కువ, అక్కడి మార్కు ఇక్కడ ఇంకా బలహీనపడుతుంది. ఆ కొరత తీర్చడానికి బెంగళూరులో నిమ్హాన్స్, ఎన్‌సీబీఎస్, ఇన్‌స్టెమ్ అనే పరిశోధన సంస్థలు కలిసి, ఒకరికంటే ఎక్కువమంది రోగులున్న భారతీయ కుటుంబాలపై పనిచేస్తున్నాయి. ఈలోగా "మీ ముప్పు ఎక్కువ" అన్న రిపోర్టు చూసి కంగారు, "తక్కువ" అన్నది చూసి ధీమా రెండూ అనవసరం.

జన్యు పరీక్ష నిజంగా అర్థవంతమయ్యే సందర్భం వేరు. బైపోలార్‌తో పాటు బుద్ధిమాంద్యం, ఆటిజం, మూర్ఛలు, పుట్టుకతో గుండె లోపం, అంగిలి చీలిక వంటివి ఉంటే క్రోమోజోమల్ మైక్రోఅర్రే అనే పరీక్ష చేయిస్తారు. క్రోమోజోమ్‌లలో ముక్కలు ఎక్కువై లేదా తక్కువై ఉంటే ఇందులో బయటపడుతుంది. 16వ క్రోమోజోమ్‌లో ఒక ముక్క రెట్టింపు కావడం బైపోలార్‌తో ముడిపడిన వాటిలో ఒకటి. హైదరాబాద్‌లో నిమ్స్ జన్యు విభాగం, సీడీఎఫ్‌డీ ఇలాంటి కేసులు చూస్తాయి.

మందులు మొదలుపెట్టే ముందు చేయించాల్సిన జన్యు పరీక్షలున్నాయా?

కొన్ని ఉన్నాయి. జబ్బు ముప్పు చెప్పేవి కావు, ప్రాణం కాపాడేవి.

కార్బమజెపిన్: హెచ్‌ఎల్‌ఏ-బి 15:02 అనే జన్యు రకం ఉన్నవారిలో ఈ మూడ్ స్టెబిలైజర్ మందు స్టీవెన్స్-జాన్సన్ సిండ్రోమ్ తేగలదు. ఒళ్లంతా బొబ్బలెక్కి చర్మం ఊడిపోయే ప్రమాదకర స్థితి ఇది. ఆసియా మూలాలున్నవారికి మందుకు ముందే ఈ పరీక్ష చేయాలని అమెరికా మందుల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2007లో సూచించింది. భారతీయ రోగుల్లోనూ ఈ సంబంధం నమోదైంది. ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం సరిపోతుంది, రిపోర్టు దాచుకోండి. పాజిటివ్ వస్తే దాని దగ్గరి మందు ఆక్స్‌కార్బజెపిన్ విషయంలోనూ జాగ్రత్తపడాలి. నెగెటివ్ వచ్చినా మొదటి రెండు మూడు నెలల్లో జ్వరం, నోట్లో పుండ్లు, కళ్ల మంట, దద్దుర్లు కలిసి వస్తే మరో మాత్ర వేసుకోకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. ఏళ్ల తరబడి ఇబ్బంది లేకుండా వాడుతున్నవారికి ఇప్పుడు ఈ పరీక్షతో పనిలేదు.

వాల్‌ప్రోయేట్: పీవోఎల్‌జీ అనే జన్యువులో లోపం ఉన్నవారికి ఈ మూడ్ స్టెబిలైజర్ కాలేయాన్ని దెబ్బతీస్తుంది. అందరికీ పరీక్ష అక్కర్లేదు. కారణం తెలియని మూర్ఛలు, కండరాల బలహీనత, చిన్న వయసులో కాలేయం చెడి చనిపోయినవారు కుటుంబంలో ఉంటే డాక్టరుకు చెప్పాలి.

లిథియం: దీనికి వాడుకలో ఉన్న జన్యు పరీక్ష ఏదీ లేదు. కాలేయంలో మార్పు చెందకుండా మూత్రపిండాల ద్వారా పోయే మందు కనుక, మందులను మార్చే సీవైపీ అనే కాలేయ ఎంజైముల రిపోర్టు చూపించి "మీకు లిథియం డోసు ఇంత" అని ఎవరైనా అంటే నమ్మకండి. కావలసింది రక్తంలో లిథియం స్థాయి. చివరి మాత్రకు 12 గంటల తర్వాత, డోసు మార్చి 5 నుంచి 7 రోజులు గడిచాక రక్తం ఇవ్వాలి. రాత్రి తొమ్మిదికి వేసుకుంటే ఉదయం తొమ్మిదికి, ఆ ఉదయం మాత్ర వేసుకోకుండా. మాత్ర వేసుకుని ల్యాబ్‌కు వెళ్తే స్థాయి ఎక్కువగా కనిపించి, డోసు అనవసరంగా తగ్గించేస్తారు. నిలకడకు సాధారణంగా లీటరుకు 0.6 నుంచి 0.8 మిల్లీ ఈక్వివలెంట్లు ఉండేలా చూస్తారు. 1.5 దాటితే విషమవుతుంది. వాంతులు, విరేచనాలు, వడదెబ్బ, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు, కొన్ని బీపీ మందులు స్థాయిని పెంచేస్తాయి.

సీవైపీ2డీ6, సీవైపీ2సీ19 పరీక్షలు కొన్ని డిప్రెషన్, సైకోసిస్ (మతి చెదిరి భ్రమల్లో ఉండే స్థితి) మందుల డోసు విషయంలో కొంత సాయపడతాయి. తక్కువ డోసుకే దుష్ప్రభావాలు మీదపడేవారికి తప్ప, మొదటే చేయించడం వల్ల పెద్ద లాభం లేదు.

కరెంటు చికిత్సకు ముందు చెప్పాల్సిన వంశపు సంగతులేమైనా ఉన్నాయా?

ఒకటుంది, తెలుగువాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది. ఈసీటీ అనే ఈ కరెంటు చికిత్సలో మత్తుతో పాటు కండరాలు సడలడానికి సక్సినైల్‌కోలిన్ ఇస్తారు. రక్తంలోని సూడోకోలినెస్టరేజ్ అనే ఎంజైము దాన్ని నిమిషాల్లో కరిగించేస్తుంది. ఈ ఎంజైము పుట్టుకతోనే లేనివారిలో శ్వాస కండరాలు గంటల తరబడి కదలవు. వైశ్య సమాజంలో ఈ లోపం మిగతావారికంటే ఎక్కువగా ఉందని పరిశోధనల్లో తేలింది. తరతరాలుగా లోపలే పెళ్లిళ్లు జరగడం అందుకు కారణం. ఇది జబ్బు కాదు, మామూలు జీవితంలో తెలియను కూడా తెలియదు. ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తర్వాత మత్తు దిగక వెంటిలేటరు మీద ఉంచాల్సి వచ్చిందా అన్నది గుర్తుచేసుకుని మత్తు డాక్టరుకు చెప్పండి. ఎంజైము స్థాయి మామూలు రక్తపరీక్షలోనే తెలుస్తుంది. తక్కువ ఉంటే వేరే సడలింపు మందు వాడతారు, చికిత్స మానుకోనక్కర్లేదు.

పిల్లల్లో ముందుగా ఏం గమనించాలి? ముందుజాగ్రత్తగా మందులు వేయచ్చా?

లక్షణాలు లేని బిడ్డకు మందులు వద్దు. జబ్బు ఎక్కువగా బయటపడేది 15 నుంచి 25 ఏళ్ల మధ్య. దానికి ముందు ఏళ్లలో ఆందోళన, నిద్ర గడబిడ, మూడ్ తొందరగా మారిపోవడం, డిప్రెషన్ కనిపించవచ్చు. ఇవి మామూలు పిల్లల్లోనూ ఉంటాయి కాబట్టి ఒక్కదాన్నే పట్టుకుని భయపడొద్దు. మునుపటి స్వభావానికి భిన్నంగా మార్పు రోజుల తరబడి నిలిచిందా అన్నది చూడాలి. మూడు గంటలే నిద్రపోయి "నాకు నిద్రే అవసరం లేదు" అనడం, అన్నిటికంటే ముఖ్యమైన గుర్తు.

జన్యువులను మార్చలేం, నిద్రను కాపాడగలం. ముప్పున్న ఇంటి పిల్లలు ఇంటర్ హాస్టల్లో రాత్రుళ్లు మేలుకుని చదవడం, అమెరికా వేళలకు పనిచేసే నైట్ షిఫ్టు ఉద్యోగం, విదేశీ ప్రయాణంలో రెండు మూడు రాత్రుల నిద్ర పోవడం చిన్న విషయాలు కావు. గంజాయి అసలు వద్దు. ఆస్తమాకో చర్మానికో స్టెరాయిడ్ మాత్రలు రాస్తే కుటుంబ చరిత్ర చెప్పండి, అవి కూడా మేనియా తేగలవు. చనిపోవాలనిపిస్తోందన్న మాట వింటే అదే రోజు చూపించాలి. మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలిమానస్ 14416కు ఏ వేళనైనా తెలుగులో మాట్లాడవచ్చు.

యాభై దాటాక జీవితంలో మొదటిసారి మేనియా వస్తే వంశాన్ని తవ్వడం కంటే ముందు థైరాయిడ్, మెదడు స్కాన్, వాడుతున్న మందులు చూడాలి.

నాకు బైపోలార్. బిడ్డను కనవచ్చా?

కనవచ్చు. ముప్పు అంకెలు పైన ఉన్నాయి. కడుపులో బిడ్డకు బైపోలార్ ఉందో లేదో చెప్పే పరీక్ష ఏదీ లేదు. నిజానికి ఇక్కడ జన్యువుల కంటే మందుల ప్రణాళిక ముఖ్యం, అదీ గర్భం రాకముందే.

వాల్‌ప్రోయేట్ మీద ఉండి గర్భం దాలిస్తే సుమారు పదిమందిలో ఒక బిడ్డకు పుట్టుక లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల సమస్యలు వస్తాయి. ఫోలిక్ యాసిడ్ వేసుకున్నంత మాత్రాన ఈ ముప్పు పోదు. పిల్లల్ని కనే వయసులో ఉన్నవారికి వీలైనంతవరకు ఈ మందే వద్దు. లిథియం విషయంలో భయం ఉన్నదానికంటే పెద్దది. 2017 అమెరికా అధ్యయనంలో బిడ్డకు గుండె లోపాలు మందు వాడనివారిలో నూటికి 1.15, మొదటి మూడు నెలల్లో వాడినవారిలో 2.41. డోసు పెరిగేకొద్దీ ముప్పు పెరిగింది. గర్భం అని తెలియగానే భయపడి అన్నీ ఒక్కసారిగా ఆపేయడం వల్ల జబ్బు తిరగబెట్టే కేసులే ఎక్కువ.

కాన్పు తర్వాత మొదటి నాలుగు వారాలు అతి సున్నితం. బైపోలార్ ఉన్న తల్లుల్లో సుమారు ఐదింట ఒకరికి ఆ సమయంలో తీవ్రమైన ఎపిసోడ్ వస్తుంది. అమ్మకో అక్కకో కాన్పు తర్వాత సైకోసిస్ వచ్చి ఉంటే ముప్పు సగం దాటుతుంది. తొలి కాన్పుకు పుట్టింటికి వెళ్లడం మన ఆనవాయితీ. అప్పుడు మందుల చీటీ, డాక్టరు నంబరు, "ఇలా ఉంటే వెంటనే తీసుకెళ్లండి" అన్న కాగితం అమ్మాయితో పాటు వెళ్లాలి. రాత్రి ఒక పూట పాలు పట్టే పని ఇంకొకరు తీసుకుని, ఆమెకు వరసగా ఐదారు గంటలు నిద్ర దొరికేలా చూడాలి.

పెళ్లి సంబంధంలో చెప్పాలా?

జబ్బున్నవారైతే చెప్పాలి. హిందూ వివాహ చట్టం 1955లోని 12వ సెక్షన్ ప్రకారం ముఖ్యమైన విషయం దాచి ఒప్పించిన పెళ్లిని రద్దు కోరవచ్చు. అంతకంటే అసలు ఇబ్బంది వేరే: దాచిన ఇంట్లో మాత్రలు వేసుకోవడం కుదరదు, పెళ్లయిన రెండు మూడు నెలలకే జబ్బు తిరగబెడుతుంది. నిశ్చితార్థానికి ముందే, అబ్బాయీ అమ్మాయీ కలిసి డాక్టరుతో ఒకసారి కూర్చుంటే సగం అపోహలు అక్కడే తీరతాయి. అక్కకో అన్నకో ఉన్నంత మాత్రాన ఆరోగ్యంగా ఉన్నవారి సంబంధం వదులుకోవడానికి పైన చెప్పిన 5 నుంచి 10 శాతం సరైన కారణం కాదు.

ఇన్సూరెన్సు సంగతేమిటి?

మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం 2017, 21(4) సెక్షన్ ప్రకారం శారీరక జబ్బులతో సమానంగా మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలి. అమెరికాలో ఉన్నవారికి 2008 నాటి జీనా చట్టం ఆరోగ్య బీమా, ఉద్యోగాల్లో జన్యు సమాచారం, కుటుంబ చరిత్ర ఆధారంగా వివక్ష చూపకుండా రక్షణ ఇస్తుంది. జీవిత బీమాకు అది వర్తించదు. అందుకే సరదాకు డీఎన్‌ఏ కిట్ కొనే ముందు జీవిత బీమా పని ముగించుకోవడం తెలివైన పని.

పరిశోధన కోసం రక్తం అడుగుతున్నారు. ఇవ్వచ్చా?

ఇవ్వచ్చు. భారతీయుల డేటా పెరగాలంటే అదొక్కటే దారి. సంతకం పెట్టే ముందు నాలుగు సంగతులు అడగండి: నైతిక కమిటీ అనుమతి ఉందా, నమూనా ఎన్నేళ్లు దాస్తారు, విదేశాలకు పంపుతారా, మధ్యలో వద్దనుకుంటే తీసేస్తారా. మీకు వ్యక్తిగత రిపోర్టు సాధారణంగా ఇవ్వరు. ఒప్పుకోకపోయినా మీ చికిత్సలో తేడా రాకూడదు. సంతకం చేసిన పత్రం ప్రతి ఒకటి అడిగి తీసుకోండి.